లోవలక్ష్మి చెప్పని మాట

కిందటి వారం ప్రిస్కిల్లాను పాత హాజరు రిజిస్టరు ముందు కూర్చోబెట్టి మన దారిన మనం వచ్చేశాం. వారం గడిచింది మనకే. ఆ పిల్లకు పావుగంట కూడా గడవలేదు. అప్పుడెలా నోరు తెరుచుకుని కూర్చుందో ఇప్పుడూ అలాగే ఉంది.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ప్రిస్కిల్లా నిడదవోలు అమ్మాయి. రోజూ రైలెక్కి రాజమండ్రి వెళ్ళి జర్నలిజంలో ఎం.ఏ. చదువుతోంది. పత్రికలో విలేకరి కావాలని కాదు, కంపెనీల తరఫున పత్రికలతో మాట్లాడే పౌర సంబంధాల ఉద్యోగం చేయాలని. విశాఖపట్నంలో ఓ పీఆర్ ఏజెన్సీ నూట ఎనభై మందిని వడగట్టి ముగ్గురిని మిగిల్చింది. ఆ ముగ్గురిలో ఈమె ఒకతె. సరిచేసిన రెజ్యూమె, చేసిన పనులన్నీ చూపించే పోర్ట్‌ఫోలియో ఈ సాయంత్రం ఐదు గంటలలోగా పంపాలి. పోర్ట్‌ఫోలియోకు ప్రాణం లాంటి పేజీ ఒకటుంది. అది వాళ్ళ నాన్న రిజిస్టర్లో ఉండాలి. లేదు. ఎవరో బ్లేడు పెట్టి అంచు కూడా నలగకుండా కోసుకుపోయారు.

ఆ రిజిస్టరు సంగతీ చెప్పాలి. ఏసుపాదం మాస్టారు ముప్పై నాలుగేళ్ళు ఎలిమెంటరీ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. కూతురు రాసింది ఏ పేపర్లో పడ్డా, అందులో ఆమె పేరు లేకపోయినా సరే, కత్తిరించి మైదా జిగురుతో అంటిస్తారు. ఊరుకుంటారా? పక్కన ఎర్ర సిరాతో టిక్కు కూడా పెడతారు. చర్చికి వచ్చినవాళ్ళకి, పాలవాడికి, కరెంటు మీటరు చూడడానికొచ్చిన మనిషికి కూడా ఆ పేజీలు తిప్పి చూపించారు. ప్రిస్కిల్లా పాత ఫోను చెడిపోయి అందులోవన్నీ పోయాక ఆ కటింగులకు ఇంకెక్కడా నకలు లేదు.

పోయిన పేజీ మీద ఆరు పత్రికల కటింగులు ఉన్నాయి. ఆరింటిలోనూ ఒకటే వార్త, అక్షరం తేడా లేకుండా. కిందటేడు ఏప్రిల్లో కాలవ అవతలి సప్తసాగరి రొయ్యల ఫ్యాక్టరీలో పదకొండు మంది ఆడవాళ్ళు పనిలో ఉండగానే పడిపోయారు. అమ్మోనియా గ్యాసు లీకైందని ఊరంతా గుప్పుమంది. అప్పుడు ఆ కంపెనీలో ఇంటర్న్‌షిప్ చేస్తున్న ప్రిస్కిల్లా గంటన్నరలో ప్రెస్ నోట్ రాసింది. అది వడదెబ్బేనని తేల్చింది. జిల్లా పేజీల్లో అది ఉన్నదున్నట్టు అచ్చయిపోయింది. మర్నాటికి ఊరు చల్లబడింది. ఆ రోజు మేనేజరు భుజం తట్టి, “నీకు తిరుగులేదమ్మా” అన్నాడు.

రెజ్యూమెలో ఆ ప్రెస్ నోట్ గురించిన వాక్యాన్నే పొద్దుట్నుంచీ మారుస్తోంది. మొదట ‘అసిస్టెడ్’ అని ఉండేది. అది పేలవంగా ఉందని ‘డ్రాఫ్టెడ్’ అంది. పదకొండు గంటలకు ‘లెడ్’ అయింది. సాయం చేసిన మనిషి భోజనాల వేళకి నాయకత్వం వహించింది. రెజ్యూమెలో మనుషులు అలాగే ఎదుగుతారు.

ఇప్పుడా వాక్యానికి రుజువు లేదు. ప్రిస్కిల్లా కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది. బీరువా కింద చూసింది, బైబిలు పెట్టుకునే స్టాండు వెనక చూసింది, బియ్యం డబ్బా మూత కూడా తీసింది. మార్చి నెలాఖరు ఎండ గుమ్మంలోకి వచ్చి కూర్చుంది. ఫ్యాను తిరుగుతోందే గాని గాలి లేదు. భీమవరం లైన్లో గూడ్సు బండి ఒకటి సిగ్నల్ కోసం కూత పెట్టి పెట్టి చంపుతోంది. తల్లి ఏసమ్మ చర్చిలో స్త్రీల సమాజానికి వెళ్ళింది. అడగడానికి ఇంట్లో మనిషి లేదు.

రెండున్నరకు మాస్టారు వచ్చారు. చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, తువ్వాలు తీసుకుని తీరిగ్గా తుడుచుకుంటున్నారు. ప్రిస్కిల్లాకు అంత ఓపిక లేదు.

“నాన్నా, రిజిస్టర్లో పేజీ ఎవరో కోసేశారు!”

“ఎవరో కాదు, నేనే.”

భుజాన ఉన్న గుడ్డసంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద పెట్టారు. అందులో ఆ పేజీ భద్రంగా ఉంది. ప్రిస్కిల్లాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

“హమ్మయ్య! చెప్పొచ్చు కదా నాన్నా, గుండాగిపోయింది. ఇలా ఇవ్వండి, స్కాన్ చేసుకోవాలి.”

మాస్టారు కవరు మీంచి చెయ్యి తీయలేదు.

“లోవలక్ష్మి కోసం తీశానమ్మా.”

లోవలక్ష్మిది ఆ వీధిలోనే మూడో ఇల్లు. మొగుడు పోయాక ఆరేళ్ళు రొయ్యల తలలు తీసి ఇద్దరు ఆడపిల్లల్ని సాకింది. తెల్లారుజామునే కాంట్రాక్టరు వ్యాను వచ్చి వీధి చివర హారన్ కొడితే, చల్దన్నం కట్టుకుని పరిగెత్తేది. ప్రిస్కిల్లాకు పిన్ని వరస. రక్తసంబంధమేమీ లేదు, గోడ పక్క గోడ సంబంధం. ప్రిస్కిల్లా తొమ్మిదో తరగతిలో ఉండగా వేసవి సెలవుల్లో చర్చి వరండాలో పెద్దవాళ్ళకి సంతకాలు నేర్పింది. వేలిముద్ర మానేసి పేరు రాయడం నేర్చుకున్న మొదటి మనిషి లోవలక్ష్మి. లో, వ, ల మూడూ బాగానే కుదిరేవి. చివరి అక్షరం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎప్పుడూ చెయ్యి పట్టుకుని రాయించాల్సిందే.

ఆ రోజు ఫ్యాక్టరీలో పడిపోయిన పదకొండు మందిలో లోవలక్ష్మి ఒకతె. అప్పట్నుంచీ దగ్గు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. వ్యాను ఆవిడ కోసం హారన్ కొట్టడం మానేసింది.

“రాజమండ్రి పెద్దాసుపత్రిలో గ్యాసు వల్లే ఊపిరితిత్తులు పాడయ్యాయని రాసిచ్చారట,” అన్నారు మాస్టారు. “అది పట్టుకుని కలెక్టరాఫీసులో అర్జీ పెట్టుకుంది. కంపెనీ వాళ్ళ జవాబు నిన్న వచ్చింది. ఆ పేరు గల మనిషి మా దగ్గర ఎన్నడూ పనిచేయలేదని రాశారు. ఆరేళ్ళు చేసిన మనిషమ్మా! కార్డు లేదు, కాయితం లేదు, ఏం చూపిస్తుంది? నాచేత చదివించుకుని గుమ్మంలోనే చతికిలబడిపోయింది.”

ప్రిస్కిల్లా కవరు కోసం చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

“అప్పుడు నాకు ఠక్కున వెలిగింది. నీ ప్రెస్ నోట్లో ఆవిడ పేరు ఉంది కదా! లోవలక్ష్మి అనే కార్మికురాలు అని వాళ్ళే ఆరు పేపర్లలో వేయించుకున్నారు. ఇప్పుడు మా మనిషి కాదంటే ఎవరు ఒప్పుకుంటారు? నా కూతురు రాసింది ఒక పేదదానికి అక్కరకొచ్చిందని ఎంత మురిసిపోయానో నీకు తెలియదు. పొద్దున్నే బ్లేడుతో కోసుకుని వాళ్ళింటికి పరిగెత్తాను. గట్టిగా చదివి వినిపించాను.”

మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని కవర్లోంచే చదివారు. క్లాసులో పాఠం చదివే గొంతే అది.

“‘ఎండకు కళ్ళు తిరిగాయే తప్ప గ్యాసు వాసనే రాలేదు. యాజమాన్యం కన్నబిడ్డల్లా చూసుకుంది. ప్రస్తుతం పూర్తి ఆరోగ్యంతో ఉన్నాను అని లోవలక్ష్మి అనే కార్మికురాలు ఆనందం వ్యక్తం చేశారు.’”

ఆ వాక్యం పక్కన ఎర్ర సిరా టిక్కు ఉంది. టిక్కు పక్కన మాస్టారి గుండ్రటి చేతిరాత, ‘సహజంగా ఉంది’ అని.

“ఆవిడ ఏమంది నాన్నా?”

“మళ్ళీ ఓసారి చదివించుకుంది. తర్వాత, ‘మాస్టారండీ, ఈ మాట నేనెప్పుడన్నానండీ? ఆవేళ నాకు మాటెక్కడొచ్చిందండీ?’ అంది.” మాస్టారు కళ్ళజోడు తీశారు. “ఆవిడ అనలేదంటోంది. నువ్వు అందని రాశావు. ఇద్దరిలో ఒకరు అబద్ధం చెబుతున్నారు. ఎవరమ్మా?”

గూడ్సు బండికి అప్పుడే సిగ్నల్ దొరకాలా? అది కదిలి వెళ్ళిపోగానే వీధి వీధంతా నిశ్శబ్దమైపోయింది. ప్రిస్కిల్లా ముందు మేనేజరు గారన్నారంది. తర్వాత ఎవరో ఫోన్లో చెప్పారంది. తండ్రి ఆమెనే చూస్తూ కూర్చున్నారు. హోంవర్కు ఇంట్లో మర్చిపోయామన్న పిల్లల్ని ముప్పై నాలుగేళ్ళు చూసిన చూపు అది. దాని ముందు మూడో అబద్ధం పుట్టలేదు.

“నేనే రాశాను నాన్నా.”

“అంటే?”

“కార్మికురాలి మాట ఒకటుండాలన్నారు. లేకపోతే కంపెనీ తన డప్పు తనే కొట్టుకున్నట్టుంటుందని. ఐదు గంటలకల్లా పేపర్లకి వెళ్ళిపోవాలి. అక్కడ పనిచేసేవాళ్ళలో నాకు తెలిసిన పేరు పిన్నిదొక్కటే. టైప్ చేసేశాను. అందరూ అలాగే చేస్తారు నాన్నా. ప్రెస్ నోట్లలో ఎవరి మాటా వాళ్ళు అన్నది కాదు. మంత్రి గారి మాట పీఏ రాస్తాడు, చైర్మన్ గారి మాట మేం రాస్తాం...”

“చైర్మన్ గారికి చూపించి రాస్తారు. పిన్నిని అడిగావా?”

“ఎలా అడుగుతాను? అప్పటికి ఆసుపత్రిలో ఉంది కదా!”

ఆ మాట నోట్లోంచి జారాక గాని అదేమిటో ప్రిస్కిల్లాకు తెలియలేదు. ఆసుపత్రిలో ఉందని తెలిసే పూర్తి ఆరోగ్యంతో ఉందని రాసింది. ఏడాదిగా తను తనకు కూడా చెప్పుకోని సంగతి అది.

మాస్టారు అరవలేదు. అరిచి ఉంటే బావుండేది.

“మన లూథరన్ చర్చి కన్ఫర్మేషన్ క్లాసులో ఎనిమిదో ఆజ్ఞ నీచేత అప్పజెప్పించింది నేనే,” అన్నారు. “గడగడా చెప్పావు. పొరుగింటివాళ్ళ మీద అబద్ధపు సాక్ష్యం చెప్పకూడదని. పొరుగిల్లంటే ఎక్కడో ఉంటుందనుకున్నావేమో. నేను మాత్రం ఏం తక్కువ? సహజంగా ఉందని మార్కులు కూడా వేశాను.”

“లోవలక్ష్మి పిన్నికి చెప్పారా? నేను రాశానని?”

“నోరు రాలేదు. పేపరువాళ్ళు రాసి ఉంటారనుకుంటోంది.” మాస్టారు లేచి చెప్పులు వేసుకున్నారు. “నాలుగున్నరకి వస్తుంది. కొత్త అర్జీ రాసిపెట్టమంది, నీచేతే రాయించమంది. ఇక్కడొక చిక్కుంది చూడు. ఈ కటింగు పెడితే ఆవిడ అక్కడ పనిచేసినట్టు తేలుతుంది. దాంతోపాటే గ్యాసు లేదని ఆవిడే చెప్పినట్టూ తేలుతుంది. ఆ రెండో ముక్క అబద్ధమని చెప్పగల మనిషి ఒక్కతే ఉంది. ఏం రాయాలో నేను చెప్పను. మీ అమ్మని తీసుకొస్తాను.”

ఆయన వెళ్ళిపోయారు. కవరు బల్ల మీదే ఉంది. కావలసిన పేజీ దొరికింది, అయినా దాన్ని ముట్టుకోవడానికి చెయ్యి రావడం లేదు.

మూడు దాటింది. ప్రిస్కిల్లా ల్యాప్‌టాప్ తెరిచింది, మూసింది. కుండలో నీళ్ళు ముంచుకుని తాగకుండా అక్కడే పెట్టేసింది. చివరికి తెల్లకాయితం తీసుకుని అర్జీ మొదలెట్టింది. రాయడం చేతనైన పిల్ల. ముప్పావు పేజీ నల్లేరు మీద బండిలా నడిచింది. ఆ తర్వాత ఒక్క వాక్యం దగ్గర మొరాయించింది. రాసింది, కొట్టేసింది. ఇంకో కాయితం తీసింది. నాలుగో కాయితం మీద పడింది. ‘పత్రికల్లో వచ్చిన ఆ మాట లోవలక్ష్మి చెప్పలేదు. కంపెనీ ప్రెస్ నోట్ రాసిన నేనే కల్పించాను.’ కింద తన పేరు రాసుకుంది. పేరు మీద సంతకం పెట్టబోతుంటే ఫోను మోగింది.

శివరామకృష్ణ గారు. సప్తసాగరిలో పీఆర్ మేనేజరు. కిందటేడు భుజం తట్టిన మనిషి ఈయనే. ఈయన గొంతు వింటే ఎవరికైనా సొంత మేనమామతో మాట్లాడినట్టుంటుంది.

“ఏమ్మా, బావున్నావా? విశాఖ వాళ్ళు ఇందాకే ఫోన్ చేశారు, నువ్వెలాంటిదానివో కనుక్కోడానికి. ఏం చెప్పానో తెలుసా? మా ఇంటి పిల్లనైనా ఇంత మెచ్చుకోలేనండీ అన్నాను.”

“థాంక్యూ సార్.”

“వచ్చే నెల నుంచి మా కంపెనీ పని కూడా వాళ్ళే చూస్తారు. నిన్ను మా పనికే వేయమని అడిగానమ్మా. దాదాపు ఖాయమే అనుకో.” గొంతు ఇంకా మెత్తనైంది. “చిన్న సాయం చేసిపెట్టాలి. మీ వీధిలో లోవలక్ష్మి అని ఉంది కదా. ఆవిడ మా మనిషి కాదని మా ఆఫీసు వాళ్ళు తొందరపడి రాసేశారు. రేపు ఆ అర్జీ మీద ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు గారు వస్తున్నారు. పాత కటింగు ఎవరైనా బయటికి తీస్తే మాట పోతుంది. అందుకని, పనిచేసింది, తగిలింది వడదెబ్బే, పేపర్లో వచ్చిన మాట తనే చెప్పింది అని ఒక కాయితం తయారుచేయించాం. వాట్సాప్‌లో పెడుతున్నాను. సంతకం చేయించి ఫొటో తీసి పంపేయమ్మా. మళ్ళీ పనిలోకి తీసుకుంటాం. ఆవిడకీ మంచిదే.”

“సార్, ఆ మాట ఆవిడ అనలేదు కదా సార్.”

అవతల ఫ్యాను చప్పుడు వినిపించింది.

“ఆ సంగతి నీకూ నాకూ తెలుసమ్మా. విశాఖ వాళ్ళకి తెలియక్కర్లేదు కదా? నీ మెయిల్ నుంచి వచ్చిన కాపీ నా దగ్గర భద్రంగానే ఉంది. నీ పిన్నే కదా, నువ్వు చెబితే వింటుంది. ఐదు లోపల పంపేస్తావు కదూ? ఉంటానమ్మా, దేవుడు చల్లగా చూడాలి.”

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, అది విన్నప్పుడు ఊరికే సామెత, మధ్యలో నిలబడ్డప్పుడు కాదు. వాట్సాప్‌లో కాయితం రానే వచ్చింది. ఫోన్లో అక్షరాలు చిన్నగా ఉన్నాయనీ, ఊరికే చదవడానికేననీ తనకు తను చెప్పుకుంటూ ప్రిస్కిల్లా దాన్ని ప్రింటర్లో తీసింది. పోర్ట్‌ఫోలియో కోసం తెచ్చిపెట్టుకున్న మంచి కాయితం మీద నల్లగా, నున్నగా పడింది. చదివింది. నిజంగానే బాగా రాశారు. కింద సంతకానికి గీత కూడా గీసి ఉంచారు. అది చేతిలో ఉండగానే వీధిలో దగ్గు వినిపించింది. గబుక్కున బల్ల మీద పెట్టేసింది. చేత్తో రాసిన అర్జీ దాని అడుగున ఉండిపోయింది.

“పిస్కిలమ్మా! ఉన్నావా తల్లీ?”

లోవలక్ష్మి గుమ్మం పట్టుకుని ఆయాసం తీర్చుకుంది. నలభై ఐదేళ్ళ మనిషి, చూస్తే అరవైలా ఉంది. కొంగుతో నోరు తుడుచుకుని లోపలికొచ్చి, ఫ్యాను కింద కుర్చీలో కూలబడింది.

“మాస్టారు లేరా? నీకెంత శ్రమ పెడతన్నానో. పరీచ్చలున్నాయో ఏటో.”

“లేదు పిన్నీ. నీళ్ళు తాగుతావా?”

“వొద్దమ్మా, తాగితే దగ్గొస్తది.” కొంగుతో విసురుకుంది. “పొద్దున్న మాస్టారు ఆ పేపరు చదివేరు. అప్పట్నుంచీ అదే తొలిచేస్తంది నన్ను. ఎవడమ్మా ఆడు, నా నోట్లో మాట పెట్టేడు? పేపరోళ్ళు నీకు తెలుసు కదా, కనుక్కుని చెప్పు. నేనేం తిట్టను. ఆవేళ నా పిల్లలు మంచం పక్కన కూచుని ఏడుస్తన్నారు. నేను బాగున్నానని ఎందుకు రాసేడో అడుగుతాను, అంతే.”

నేనే పిన్నీ, అనాలి. రెండే మాటలు. గంటన్నరలో ఆరు పత్రికలకు సరిపడా రాసిన పిల్లకు ఆ రెండు మాటలు కుదరడం లేదు. గోడ గడియారం ఐదుకు పన్నెండు నిమిషాలు చూపిస్తోంది. ల్యాప్‌టాప్‌లో ఏజెన్సీ వాళ్ళ మెయిల్ తెరిచే ఉంది.

లోవలక్ష్మి చూపు బల్ల మీద పడింది.

“రాసేసేవా అప్పుడే! అచ్చులో వేసేవే, ఎంత బాగుందో.” పైన ఉన్న కాయితాన్ని దగ్గరికి లాక్కుంది. పక్కనున్న పెన్ను తీసుకుంది. “ఈ గీత మీదేనా సంతకం?”

“పిన్నీ, అది... ఉండు, చదివి వినిపిస్తాను.”

“సదివేదేటమ్మా? నువ్వు రాసేక ఇంకేం సదవాలి నాకు?”

వంగి, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని మొదలెట్టింది. ‘లో’ రాసింది. ఊపిరి తీసుకుని ‘వ’ రాసింది. ‘ల’ కాస్త పెద్దదైంది. తొమ్మిదో తరగతి ప్రిస్కిల్లా చర్చి వరండాలో నేర్పిన అక్షరాలు, నేర్పినట్టే గుండ్రంగా వచ్చాయి. అక్కడ పెన్ను ఆగిపోయింది. లోవలక్ష్మి తలెత్తి సిగ్గుగా నవ్వింది.

“ఈ ఆకరిది నాకెప్పటికీ రాదు. అప్పట్లోలాగా చెయ్యట్టుకుని రాయించమ్మా,” అంటూ పెన్ను పట్టిన చేతిని ప్రిస్కిల్లా వైపు చాపింది.